భీమిలి లైట్‌హౌస్ దగ్గర పదకొండు టేకులు

భీమిలి లైట్‌హౌస్ గోడ దగ్గర నుంచి సముద్రం వైపు నేను పదకొండు సార్లు నడిచాను. ఒకే ఉదయం, ఒకే చొక్కా, పక్కన ఒకే మనిషి. అయినా ఎవరైనా భీమిలి చూశావా అని అడిగితే చూడలేదనే చెప్పేవాణ్ణి. పనికి వెళ్ళిన చోటు చూసినట్టు కాదు. పెళ్ళికి వంట చేసి వచ్చినవాణ్ణి పట్టుకుని పెళ్ళికూతురు ఎలా ఉందని అడిగితే ఏం చెబుతాడు?

నా పని సినిమాల్లో నడవడం. హీరో, హీరోయిన్ ముందు నిలబడి మాట్లాడుకుంటుంటే వాళ్ళ వెనక ఎవరో ఒకళ్ళు సంచి పట్టుకునో, గొడుగు వేసుకునో దాటిపోతుంటారు చూడండి, ఆ ఎవరో ఒకళ్ళలో నేనొకణ్ణి. మా దగ్గర దాన్ని పాసింగ్ అంటారు. పాసింగ్ బాగా ఇచ్చాడనిపించుకోవాలంటే ప్రేక్షకుడు నిన్ను చూడకూడదు, నువ్వు లేకపోతే మాత్రం ఏదో వెలితిగా ఉండాలి. ఈ మాట ఎవరో పెద్దాయన చెప్పింది కాదు, నాకు నేను చెప్పుకున్నది. కృష్ణానగర్‌లో ఒక్క గదిలో ఇరవై ఏళ్ళుగా కిరాయికుంటున్నవాడికి ఇలాంటి మాటలు నాలుగైనా కావాలి.

మమ్మల్ని పనికి పిలిచే ఏజెంట్ దగ్గర మనుషులు రకాలుగా ఉంటారు. రిచ్, కాలేజీ, విలేజ్, ఫ్యామిలీ. తెల్లగా, పొడుగ్గా ఉన్నవాళ్ళు రిచ్. వాళ్ళు జూబ్లీహిల్స్ బంగళాల్లో పార్టీ సీన్లకు రంగునీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడతారు. నాకు కొంచెం పొట్ట, కొంచెం బట్టతల, మోచేతి దాకా మడిచిన లేతనీలం చొక్కా. నేను ఫ్యామిలీ. పెళ్ళే కానివాణ్ణి ఫ్యామిలీ కింద రాసుకోవడం ఏజెంటుకు వింతగా అనిపించలేదు. అలవాటైపోయి నాకూ అనిపించలేదు.

ఆమెనూ ఫ్యామిలీ కిందే రాసుకున్నాడు. ఆమెది సామర్లకోట. భర్త జబ్బు చేసి పోయాక హైదరాబాద్ వచ్చి, యూసుఫ్‌గూడలో చిన్న పోర్షన్ తీసుకుని ఒక్కతే ఉండేది. మా ఇద్దర్నీ మొదటిసారి జంటగా నిలబెట్టింది ఒక ఆసుపత్రి సీన్‌లో. నా చేతికి పండ్ల సంచి ఇచ్చారు, ఆమె చేతికి ఫ్లాస్కు ఇచ్చారు. ఎత్తు సరిపోయింది, వయసు సరిపోయింది, నడక కూడా సరిపోయింది. ఆ తర్వాత ఏడేళ్ళు ఏ సినిమాకు వెళ్ళినా మమ్మల్ని పక్కపక్కనే నిలబెట్టేవాళ్ళు. ఆమె పర్సులో గిల్టు నల్లపూసల గొలుసు ఒకటి ఉండేది. పొద్దున యూనిట్ బస్సు ఎక్కగానే మెడలో వేసుకునేది, సాయంత్రం దిగేముందు తీసి పర్సులో పెట్టుకునేది. అది తీసేటప్పుడు నేను కిటికీలోంచి బయటికి చూసేవాణ్ణి.

సినిమా వాళ్ళలో ప్రతివాడూ ప్రతివాడికీ అన్న. టీ తెచ్చేవాడూ అన్నే, డైరెక్టరూ అన్నే. ఆమె మాత్రం నన్ను అన్నా అనలేదు. మొదటి రోజే చెప్పేసింది. "మొగుడూ పెళ్ళాల్లా నడవాలి కదండీ. అన్నయ్యా అంటే నాకు నవ్వొచ్చేస్తుంది." యాక్షన్ అన్నాక నన్ను ఏవండీ అనేది, కట్ అన్నాక ఇదుగోండి అనేది. నేను నువ్వు అనేవాణ్ణి, ఆమె మీరు అనేది. నేను నల్లగొండ వైపు మనిషిని. ఏంది అన్నప్పుడల్లా, "ఏంటి అనండి, కొట్టినట్టుంది ఆ మాట" అని ఆటపట్టించేది. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా అన్నా అనలేదన్న ఒక్కదాని మీద నేను ఎన్ని మేడలు కట్టానో చెబితే నవ్వుతారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, యూసుఫ్‌గూడలో రెండు గదుల ఇల్లొకటి చూసి, నీళ్ళు రోజూ వస్తాయా అని కూడా అడిగి వచ్చాను.

మా మాటలన్నీ నడకలోనే జరిగాయి. మన సినిమాలకు మాటలు తర్వాత స్టూడియోలో చెబుతారు కాబట్టి, వెనక నడిచేవాళ్ళు ఏం మాట్లాడుకున్నా ఎవరికీ పట్టేది కాదు. కొందరు అంకెలు లెక్కపెడతారు, కొందరు కూరగాయల పేర్లు చెప్పుకుంటారు. మేం నిజంగానే మాట్లాడుకునేవాళ్ళం. షాటుకు పది అడుగులు, పది అడుగులకు రెండు మాటలు. భర్త ఎలా పోయాడో ఆమె నాకు ఒక గుడి సీన్‌లో మూడు టేకుల్లో చెప్పింది. మా అమ్మ పోయిన సంగతి నేను షాపింగ్ మాల్ మెట్ల మీద చెప్పాను, మొదటి టేకులో సగం, వన్ మోర్ అన్నాక మిగతా సగం. బయట కలిసి టీ తాగింది తక్కువ. కట్ అన్నాక ఇద్దరికీ ఏం మాట్లాడుకోవాలో తెలిసేది కాదు.

ఆరేళ్ళ కిందట ఒక సినిమాకు మా ఇరవై మందిని విశాఖ తీసుకెళ్ళారు. ఆ ప్రయాణంలో ఆమెను అడగాలని నేను హైదరాబాద్‌లోనే నిశ్చయించుకున్నాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నాకు నలభై నాలుగు, ఆమెకు నలభై. ఇంక ఆగితే తాత, నాయనమ్మ వేషాలకు పిలుస్తారు. రైల్లో అడగలేకపోయాను. లాడ్జి ముందు టిఫిన్ దగ్గర అడగలేకపోయాను. నా నోట్లో నాలుక ఆడేది ఆ పది అడుగుల నడకలోనే. అందుకే షాట్‌లో అడుగుదామనుకున్నాను.

భీమిలిలో ఇసుకకు కాస్త ఎగువన ఉంది ఆ పాత లైట్‌హౌస్. బ్రిటిష్ వాళ్ళ కాలందంటారు. లైట్‌హౌస్ అంటే మెడ నొప్పి పుట్టేంత ఎత్తుంటుందనుకున్నాను. ఇది తెల్లగా, గుండ్రంగా, అంత ఎత్తేం లేకుండా నిలబడి ఉంది. హీరో, హీరోయిన్ దాని ముందు గట్టు మీద కూర్చుని మాట్లాడుకోవాలి. మేమిద్దరం లైట్‌హౌస్ గోడ దగ్గర మొదలుపెట్టి, వాళ్ళ వెనకగా, సముద్రం వైపు దిగిపోవాలి. నాకు చాలా నచ్చింది. ఆసుపత్రి కాదు, పోలీస్ స్టేషన్ కాదు. అడగడానికి ఇంతకంటే మంచి చోటు ఎవరిస్తారు?

రిహార్సల్‌లో ఆమె తన పోర్షన్‌లో కుళాయి సంగతి చెబుతోంది. నేను ప్లంబర్ నంబర్ ఇస్తానంటున్నాను. అంతలో సౌండ్ రికార్డిస్ట్ చెవుల మీది హెడ్‌ఫోన్స్ తీసి, వెనక ఎవరో కుళాయి గురించి మాట్లాడుతున్నారని కేకేశాడు. అసిస్టెంట్ డైరెక్టర్ పరుగెత్తుకొచ్చాడు. ఈ సినిమాకు సింక్ సౌండ్ అట, అంటే మాటలు తర్వాత చెప్పరు, ఇక్కడ ఏం పలికితే అదే సినిమాలో ఉంటుంది. అప్పటిదాకా మేం అలాంటి సినిమాకు పని చెయ్యలేదు. "పెదాలు మాత్రమే ఆడాలి. గొంతు రాకూడదు, గుసగుస కూడా రాకూడదు. గాలి మాత్రమే" అన్నాడు. ఆమె తల ఊపింది. నేనూ ఊపాను. 

బుద్ధున్నవాడు ఇంకో రోజు చూద్దాంలే అనుకునేవాడు. కానీ నాకా మాట అప్పటికే గొంతులో ఉంది, వెనక్కి పోవడం లేదు. యాక్షన్ అన్నారు. గోడ దగ్గర నుంచి కదిలాం. మూడు అడుగులు వేశాక, గొంతు రాకుండా, పెదాలతో అడిగాను. "మనం పెండ్లి చేసుకుందామా?" అడిగి, ఆమె మొహం చూడలేక తల సముద్రం వైపు తిప్పేసుకున్నాను. అలలు, దూరంగా ఒక పడవ, ఏదో కనిపించింది. ఆమె నా చొక్కా చెయ్యి పట్టుకుని లాగడం తెలిసింది. కంటి చివర నుంచి ఆమె పెదాలు కదిలినట్టు తెలిసింది. ఏమందో తెలియలేదు. కట్ అన్నారు. గాలికి హీరోయిన్ జుట్టు కళ్ళలో పడిందట, వన్ మోర్ అన్నారు.

మా పనిలో ఒక నియమం ఉంది. మొదటి టేకులో ఏం చేస్తే చివరిదాకా అదే చెయ్యాలి. సంచి కుడిచేతిలో ఉంటే కుడిచేతిలోనే, నాలుగో అడుగులో తల తిప్పితే నాలుగో అడుగులోనే. లేకపోతే ఒక ముక్కకు ఇంకో ముక్క అతకదు. కాబట్టి నేను రెండో టేకులోనూ మూడో అడుగు దగ్గర అదే అడిగాను, నాలుగో అడుగు దగ్గర సముద్రం వైపే తిరిగాను. ఆమె మళ్ళీ చొక్కా లాగింది, మళ్ళీ పెదాలు కదిపింది. తల తిప్పి చూద్దామని ప్రాణం కొట్టుకుంది. తిప్పితే షాట్ పాడవుతుంది, అందరి ముందు తిట్లు పడతాయి. పెళ్ళి సంబంధం మాట్లాడుతూ కూడా కంటిన్యుటీ తప్పనివాడు ఈ లోకంలో నేనొక్కడినే అయ్యుంటాను. అలా పదకొండు టేకులు. అంటే నేను ఆమెను పదకొండు సార్లు అడిగాను. ఆమె పదకొండు సార్లు ఏదో చెప్పింది. నేను పదకొండు సార్లూ సముద్రం చూశాను.

టేకుకూ టేకుకూ మధ్య గోడ దగ్గరికి తిరిగి నడవాలి. నేను వడివడిగా ముందు నడిచేశాను. వెనక నుంచి ఆమె, "ఇదుగోండి, ఇందాక..." అంది ఒకసారి. "సైలెన్స్" అని ఎవరో అరిచారు. అన్నం దగ్గర ఆడవాళ్ళు గొడుగుల కింద, మగవాళ్ళం బస్సు నీడలో కూర్చున్నాం. రాత్రి రైలెక్కాక ఆమె నా బెర్త్ దగ్గరికి వచ్చి, "ఏంటలా ఉన్నారు?" అని అడిగింది. "ఏం లేదు, తలకాయ నొస్తున్నది" అన్నాను. మాత్ర ఇచ్చి వెళ్ళి పడుకుంది.

ఆ మాత్ర చేతిలో పెట్టుకుని చాలాసేపు ఆలోచించాను. మౌనం అర్ధాంగీకారం అంటారు. కానీ ఆమె మౌనంగా లేదు, ఏదో చెప్పింది. చెప్పింది అవునని అయితే, ఇప్పుడు వచ్చి తలనొప్పి మాత్ర ఎందుకిస్తుంది? సిగ్గో, సంతోషమో, ఏదో ఒకటి ఉండాలి కదా మొహంలో. లేదు. కాదని చెప్పి, నేను అడగనట్టే సర్దుకుపోదామని చూస్తోంది పాపం, నా పరువు కాపాడుతోంది అనుకున్నాను. హైదరాబాద్ వచ్చేసరికి ఆ అనుకున్నది నిజమై కూర్చుంది. నాకు కోపం తక్కువ, రోషం ఎక్కువ. రోషం ఎక్కువున్నవాడు ఎవరితోనూ పోట్లాడడు. చెప్పకుండా పక్కకు తప్పుకుంటాడు, అంతే. వారం తర్వాత ఏజెంట్ ఫోన్ చేసి ఫ్యామిలీ సీన్ ఉందన్నాడు. "వస్త గానీ, నాకు వేరే జోడీ ఇయ్యి అన్నా. ఆమెతోని వద్దు" అన్నాను. ఏందిరా, కొట్లాడుకున్నరా అన్నాడు. లేదన్నాను.

తర్వాత, పొద్దున్నే మేమంతా యూనిట్ బస్సులు ఎక్కే అడ్డా దగ్గర ఒకటి రెండు సార్లు కనిపించింది. నేను వేరే బస్సు ఎక్కాను. ఏడాది తిరక్కుండానే ఆమె హైదరాబాద్‌లో గది ఖాళీ చేసి సామర్లకోటలో అక్క దగ్గరికి వెళ్ళిపోయిందని తెలిసింది. ఇంకో రెండేళ్ళకు నా ఫోనుకు ఆమె పెళ్ళి కార్డు వచ్చింది. పెళ్ళికొడుక్కి అక్కడే టిఫిన్ హోటల్ ఉందట. నేను రెండు చేతులు జోడించిన బొమ్మ పంపించాను. అటునుంచి కూడా అదే బొమ్మ వచ్చింది. ఆ రోజు పని ఉన్నా వెళ్ళలేదు. గదిలో పడుకుని ఫ్యాన్ చూస్తూ ఉన్నాను. కృష్ణానగర్‌లో గోడలు పల్చన, పక్క గదిలో ఎవరో డైలాగులు ప్రాక్టీస్ చేస్తుంటే వింటూ గడిపాను. ఎవరైనా వచ్చి ఏమైందని అడిగితే బాగుండునని ఆ రోజు మొదటిసారి అనిపించింది. ఎవరూ రాలేదు. వచ్చే మనిషిని నేనే వద్దనుకున్నాను కదా.

ఆ భీమిలి సినిమా ఆడలేదు. నేను చూడనూ లేదు. ఈ మధ్య ఒక మధ్యాహ్నం పని లేక ఫోనులో ఏదో వెతుకుతుంటే అది కనిపించింది. ముందు వద్దనుకున్నాను, తర్వాత నేరుగా లైట్‌హౌస్ సీన్‌కు జరిపాను. హీరో మాట్లాడుతున్నాడు, వెనక మసకమసకగా మేం. నా నీలం చొక్కా, ఆమె వంగపండు రంగు చీర. నేను ఏదో అని సముద్రం వైపు తిరిగాను. అప్పుడు ఆమె నా చొక్కా పట్టి లాగి, నా మొహంలోకి వంగి చూస్తూ, ఏదో చెప్పింది. అది చెయ్యాలి కాబట్టి చేసే పెదాల ఆట కాదు. ఏడేళ్ళు పక్కన నడిచినవాణ్ణి, ఆ తేడా నాకు తెలుస్తుంది. నాకే చెప్పింది. నేను సముద్రం చూస్తున్నాను.

ఆ నాలుగు సెకన్లు ఎన్ని సార్లు చూశానో లెక్కలేదు. ఇంతకాలం కాదందని నమ్మి బతికినవాడికి, అవునందేమోనన్న అనుమానం వస్తే ఎలా ఉంటుందో నాకు చెప్పడం రాదు. నిద్ర పోయింది, తిండి పోయింది. ఏమందో తెలియాలి. ఆమెకు పెళ్ళయిపోయింది, తెలిసి చేసేదేమీ లేదు. అయినా తెలియాలి.

మా గల్లీలో ఒక డబ్బింగ్ రైటర్ ఉంటాడు, ఓరుగల్లు వైపు మనిషి. పరభాషా సినిమాల్లో నటుల పెదాలు చూసి, వాటికి సరిపోయేలా తెలుగు మాటలు రాస్తాడు. ఫిల్మ్ నగర్‌లో అతను పనిచేసే స్టూడియో కింద టీ బండి దగ్గర పట్టుకుని, ఫోను చేతిలో పెట్టి, ఈమె ఏమంటున్నదో చెప్పు అన్నాను. ఎవరని అడగలేదు. నాలుగైదు సార్లు చూసి, కాగితం మీద చుక్కలు పెట్టుకున్నాడు.

"పెదాలు మూడుసార్లు కలిసినయ్ అన్నా. ప, బ, మ, వీటికే కలుస్తయ్. మొదటి రెండు మెత్తగ కలిసినయ్, అవి మ. మూడోది జర గట్టిగ పట్టింది, అది ప్ప. చెప్పు, తప్పు, ఒప్పు, గసోంటిది."

"మాట ఏంది మరి?"

కాసేపు పెదాలు తనే ఆడించుకుని, రెండు రాసి చూపించాడు. ఒకటి, మా అమ్మతో చెప్పండి. రెండోది, మానండి, మళ్ళీ చెప్పొద్దు.

రెండూ సరిపోయాయి. ఒకటి పెళ్ళికి సరే అన్నట్టు, ఇంకోటి చెంప మీద కొట్టినట్టు. ఈ రెండింట్లో ఏది అని అడిగాను. అతను కాగితం మడిచి నాకిచ్చాడు. "నేను సరిపోయే మాట రాస్త అన్నా. ఆమె అన్న మాట ఏందో నాకెట్ల తెలుస్తది? మసకలున్నది గద. ఆమెనే అడుగు" అన్నాడు. టీ తాగి పైకి వెళ్ళిపోయాడు.

ఆమెనే అడుగు. ఎంత సులువుగా అన్నాడో. కృష్ణానగర్ గదిలో కూర్చుని అడగడానికి నోరు రాలేదు. చిన్న పని ఏదో ఉందని ఏజెంటుకు చెప్పి విశాఖ రైలెక్కాను. అక్కడి నుంచి సిటీ బస్సులో, ఎడమ వైపు కొండలు, కుడి వైపు సముద్రం చూసుకుంటూ భీమిలి వెళ్ళాను. నలభై నలుగురు కూర్చునే బస్సులో నాతో మాట్లాడింది కండక్టర్ ఒక్కడే, అదీ చిల్లర గురించి.

మధ్యాహ్నం ఎండ. లైట్‌హౌస్ గేటుకు తాళం ఉంది. మొదటిసారి దాన్ని సరిగ్గా చూశాను. సున్నం అక్కడక్కడా పొక్కు లేచింది, పైన అద్దాల గది చుట్టూ సన్నని ఇనుప కడ్డీలున్నాయి. అప్పుడెప్పుడో ఓడలు రోజూ వచ్చే రోజుల్లో దీనికోసం ఎంతమంది చూసేవాళ్ళో. ఇప్పుడు దాని ముందు ఫోటోలు దిగుతున్నారు. సముద్రం మాత్రం చాలా బాగుంది. దగ్గర ఆకుపచ్చ, దూరం నీలం, ఇంకా దూరం ఏ రంగో చెప్పలేం. పదకొండు సార్లు మొహం అటు పెట్టినవాణ్ణి, ఇంత బాగుంటుందని తెలియనే లేదు. మరమరాలు కలిపి ఇచ్చే మురీ మిక్చర్ బండి దగ్గర ఒక పొట్లం కొన్నాను. నిమ్మకాయ ఎక్కువ పిండమని చెప్పడానికి కూడా పక్కన ఎవరూ లేరు. ఆమెకు పులుపు ఇష్టం.

గోడ దగ్గర నిలబడి, మా దారి చూసుకుంటున్నాను. ఒక కుటుంబం ఫోటో తీసుకుంటోంది. తీస్తున్న అమ్మాయి ఫోను దించి, "అంకుల్, కొంచెం పక్కకు జరుగుతారా, ఫోటోలో పడుతున్నారు" అంది మర్యాదగానే. ఇరవై ఏళ్ళుగా ఇతరుల బొమ్మల్లో పడి బతుకుతున్నవాణ్ణని ఆ పిల్లకేం తెలుసు. జరిగాను. జరిగిన చోటే ఇసుకలో కూర్చుని, ఫోను తీసి, ఆమె నంబరు నొక్కాను. గంట మోగుతుంటే పెట్టేద్దామనుకున్నాను.

"హలో, అన్నయ్యగారూ, బాగున్నారా?" అంది.

ఏడేళ్ళు అనని మాట. వెనక గిన్నెల చప్పుడు, ఎవరో ఇడ్లీ అడుగుతున్నారు. అన్నయ్యగారూ అన్నది నా కోసం కాదు, పక్కనున్నవాళ్ళ కోసమని తెలుసు. తప్పేం లేదు. తెలిసినా గుచ్చుకుంది.

"బాగున్న. భీమిలిల ఉన్న. లైట్‌హౌస్ కాడ."

"షూటింగా?"

"కాదు, ఊకెనే వచ్చిన."

 గిన్నెల చప్పుడు దూరమైంది. పెరట్లోకి వెళ్ళినట్టుంది. "ఒక్కరే వెళ్ళారా అంత దూరం?" అని అడిగింది.

"ఒక మాట అడుగుత, ఏమనుకోవద్దు. గా దినం టేకులల్ల నువ్వు నాకేదో చెప్పినవ్ గద, చొక్కా గుంజి. ఏం చెప్పినవ్?"

గుర్తు తెచ్చుకోవడానికి సమయం పడుతుందనుకున్నాను. ఆమె వెంటనే అంది. "మీరేదో అన్నారు కదండీ. గొంతు రాకుండా అంటే నాకెలా తెలుస్తుంది? ఏమన్నారు, మళ్ళీ చెప్పండి అన్నాను. ప్రతిసారీ అదే అడిగాను. మీరు సముద్రం వంకే చూస్తున్నారు. తర్వాత అడుగుదామంటే గబగబా వెళ్ళిపోయారు. రైల్లో అడిగితే తలనొప్పన్నారు. సరే, పని కోసం ఏదో పెదాలాడించారేమో, నేనే పొరపడ్డాను అనుకున్నాను."

ఏమన్నారు, మళ్ళీ చెప్పండి. రెండు మ లు, ఒక ప్ప. 

"ఆ తర్వాత వారానికి ఏజెంట్ గారు చెప్పారు, నాతో జోడీ వద్దన్నారని" అంది. గొంతు మామూలుగానే ఉంది. "ఏం తప్పు చేశానా అని చాలా రోజులు ఆలోచించానండి. అడుగుదామని అడ్డా దగ్గరికి వచ్చాను కూడా. మీరు వేరే బస్సు ఎక్కేశారు. ఏడ్చాను ఆ రోజు. ఇప్పుడు చెప్పడానికేం లెండి. ఇంతకీ ఏమన్నారప్పుడు?"

అబద్ధం చెప్పొచ్చు. నాకు రాక కాదు. కానీ ఆమె పదకొండు సార్లు అడిగింది, ఇది పన్నెండోసారి. "పెండ్లి చేసుకుందామా అని అడిగిన" అన్నాను, గొంతు వచ్చేలా. ఫోటో తీసుకుంటున్న అమ్మాయి తిరిగి నా వైపు చూసింది.

 కట్ అయిందేమోనని ఫోను చూసుకున్నాను. కాలేదు.

"ఒప్పుకునేదాన్నండి" అంది చివరికి. ఏడవలేదు, నవ్వలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "ఆయన మంచివారు, నాకేం లోటు లేదు. మీరడిగారు కాబట్టి చెబుతున్నాను. వినపడుంటే ఒప్పుకునేదాన్ని." ఎవరో లోపలి నుంచి పిలిచారు. "ఉంటానండి. ఎండలో కూర్చోకండి" అంది. పెట్టేసింది.

నేను కూర్చున్నచోటే కూర్చున్నాను. ఆరేళ్ళు కాదనిపించుకున్న మనిషిలా బతికాను. ఆ బాధకు అలవాటు పడ్డాను, దానితో కాలక్షేపం కూడా చేశాను. ఒంటరిగా ఉన్నవాడికి, నన్నొకరు వద్దన్నారు అనుకోవడంలో ఒక ఆసరా ఉంటుంది, తప్పు అవతలివాళ్ళ మీద ఉంటుంది కాబట్టి. ఇప్పుడు అదీ పోయింది. ఆమె కాదనలేదు, మళ్ళీ చెప్పమంది. మా ఇద్దరిలో వద్దని నోరు తెరిచి, వినపడేలా అన్నది నేనొక్కణ్ణే.